చలికాలంలో పికప్ అడుగు నుంచి శబ్దాలు – లోపం గుర్తించే విధానం

డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున కీసర, ఘట్‌కేసర్ వైపు నుంచి మౌలాలి మీదుగా బోయిన్‌పల్లి మార్కెట్‌కు కూరగాయలు తెచ్చే పికప్‌లలో కొత్త శబ్దాలు వినిపిస్తుంటాయి. చలికి గేర్ ఆయిల్, హౌసింగ్ ఆయిల్ చిక్కబడతాయి. దీనివల్ల వచ్చే మూలుగు కొన్ని కిలోమీటర్లు నడిచాక తగ్గుతుంది. తగ్గకపోతే లోపం ఉందని అనుమానించాలి.

శబ్దాన్ని బట్టి లోపం:

• న్యూట్రల్‌లో క్లచ్ తొక్కినప్పుడే వస్తే – రిలీజ్ బేరింగ్. తొక్కగానే ఆగిపోతే – గేర్‌బాక్స్ బేరింగ్.
• బండి కదిలేటప్పుడు, రివర్స్ వేసినప్పుడు ‘టక్’మంటే – షాఫ్ట్ క్రాస్ జాయింట్.
• యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, వదిలినప్పుడు మారే కూత – వెనుక హౌసింగ్‌లోని క్రౌన్, పినియన్.
• వేగంతో పెరిగి, మలుపుల్లో మారే గరగర – చక్రం బేరింగ్.

పరిశీలించే పద్ధతి:

బండిని సమతల నేలపై ఆపి, ఇంజన్ ఆర్పి, హ్యాండ్‌బ్రేక్ వేసి చక్రాలకు ముందు, వెనుక రాళ్లు పెట్టాలి. షాఫ్ట్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పి, క్రాస్ దగ్గర ఆట ఉందేమో చూడాలి. గేర్‌బాక్స్, హౌసింగ్ కింద ఆయిల్ కారిన మరకలు గమనించాలి. ఆయిల్ మట్టం తగ్గితే కంపెనీ పుస్తకంలో చెప్పిన గ్రేడ్ మాత్రమే పోయించాలి. తీసిన ఆయిల్‌లో ఇనుప రజను, ముక్కలు కనిపిస్తే లోపల పళ్లు లేదా బేరింగ్ అరుగుతున్నట్లు.

క్రాస్‌లో ఆట ఉంటే లోడు ఎత్తవద్దు. అది విరిగితే షాఫ్ట్ రోడ్డుపై పడి ప్రాణాపాయం కలుగుతుంది. శబ్దం ఏ గేరులో, ఎంత వేగంలో, లోడుతోనా ఖాళీగానా వస్తోందో రాసుకుని మెకానిక్‌కు చెబితే అనవసరంగా భాగాలు విప్పే ఖర్చు తప్పుతుంది.