చెరసాల - పాఠశాల: ఒక లాటిను పదము కథ

మనుష్యులవలెనే మాటలును వలసపోవును. పుట్టినచోట ఒక పనియు, చేరినచోట వేరొక పనియు చేయుచు, తుదకు కన్నయూరివారే గుర్తింపరానంతగా మారిపోవును. బ్రతుకుతెరువునకై రైలుబాట వెంట ఆంధ్రదేశమునుండి ఖరగ్‌పూర్ చేరిన కుటుంబములకు ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. అట్టి మాటలలో నొకటి లాటిను భాషయందలి ‘సెల్లా’. ప్రాచీన రోమనులు దీనిని ‘కెల్లా’ యని పలికెడివారు. చిన్నగది, సామానులుంచు కొట్టు అని దీని తొలి యర్థములు.

రోమనుల యిండ్లలో ధాన్యము నిలువచేయు కొట్టు సెల్లా. ద్రాక్షసారాయి నుంచు గది సెల్లా. బానిసలు పరుండు ఇరుకుగదియు సెల్లాయే. తేనెపట్టులోని అరలను గూడ ఈ మాటతోనే పిలిచిరి. విశేషమేమనగా, దేవాలయమున విగ్రహము నెలకొనియుండు లోపలిగదికిని, అనగా మన గర్భగృహమువంటి దానికిని, ఇదియే పేరు. బానిసకును దేవునికిని ఒకే మాట చెల్లినది!

కప్పుట, దాచుట అను నర్థముగల ధాతువునుండి ఈ పదము పుట్టినదని భాషాశాస్త్రజ్ఞుల మతము. మన సంస్కృతమందలి ‘శాల’యు ఆ ధాతువునుండియే వెలువడినదని వారిలో పలువురు తలంచుచున్నారు. అట్లయినచో గోశాల, పాకశాల, ధర్మశాల యనుచు మనము నిత్యము వాడు మాట రోమనుల సెల్లాకు దూరపు చుట్టమే యగును. చెరసాలలోని ‘సాల’యు, పాఠశాలలోని ‘శాల’యు ఒక్కటియే యని మరువరాదు.

కాలక్రమమున క్రైస్తవ సన్యాసులు తమ ఏకాంత ధ్యానపు గదులకు ఈ పేరు పెట్టుకొనిరి. పిదప ఐరోపాలో ఖైదీల నొంటరిగా నుంచు గదికిని అదియే పేరయ్యెను. సన్యాసి తన తలుపు తానే మూసికొనును. ఖైదీ తలుపు నొరులు మూయుదురు. గది ఒక్కటే, బ్రతుకులు వేరు.

శాస్త్రజ్ఞులకును ఈ మాట నచ్చినది. 1665లో ఇంగ్లండున రాబర్టు హుక్ పలుచగా కోసిన బెండుముక్కను సూక్ష్మదర్శినితో పరీక్షించి, తేనెపట్టును బోలిన చిన్న చిన్న అరలను కాంచి, వానికి ‘సెల్’ అను పేరిడెను. ఆయన చూచినది జీవము పోయి మిగిలిన గోడలను మాత్రమే. ఐనను ఆ పేరు సమస్త ప్రాణుల దేహములకు మూలమైన అంశమునకు స్థిరపడెను. తెలుగున దానిని ‘కణము’ అందుము. మన పొరుగువారగు బంగాళీలు ‘కోష’ అందురు. కణమనగా నలుసు, కోశమనగా ఒర, అర, బొక్కసము. మూలార్థమునకు బంగాళీ మాటయే దగ్గర.

విద్యుచ్ఛక్తిని పుట్టించుటకు తొలినాళ్లలో కొయ్యతొట్టిని అరలుగా విభజించి, లోహపు పలకలు నిలిపి, ద్రావకము పోసెడివారు. మన చేతిదీపములోని ‘సెల్లు’ ఆ వంశమునకు చెందినదే. 1947లో అమెరికాయందలి బెల్ ప్రయోగశాలవారు ప్రదేశమును ఆరు భుజముల అరలుగా భాగించి వార్తలు పంపు పద్ధతిని ప్రతిపాదించిరి. మరల తేనెపట్టే! అందుచేతనే జేబులోని ఫోనునకు ‘సెల్’ అను పేరు వచ్చినది. మన దేశమున అట్టి ఫోనుపై తొలి సంభాషణ 1995 జూలై 31న కలకత్తానుండియే జరిగినది; జ్యోతిబసు ఢిల్లీలోని సుఖ్‌రామ్‌తో మాటలాడెను.

అయినను ఈ మాట మన దేశమున మోసిన బరువు వేరు. ‘చిన్న అర’ యను నర్థముగల ‘సెల్యులా’ అను రూపమునుండియే అండమానులోని సెల్యులర్ జైలునకు పేరు వచ్చినది. 1896లో ఆరంభమై 1906లో ముగిసిన ఆ కట్టడమున ఏడు బారులు, 693 గదులు ఉండెడివి. ఒక బారు ముఖము వేరొక బారు వీపునకు ఎదురగునట్లు కట్టిరి. ఒక ఖైదీకి మరియొక ఖైదీ కంటబడరాదని ఉద్దేశము. 1922-24 నాటి రంపా తిరుగుబాటున అల్లూరి సీతారామరాజు వెంట నడచినవారిలో కొందరు అండమాను శిక్ష ననుభవించిరి.

అంతదూరమేల? మన ప్రేమ్ బజారునకు కొలది దూరముననే హిజ్లీ ఉన్నది. విచారణలేకయే దేశభక్తులను బంధించుటకై 1930లో అచట నిర్బంధ శిబిరమును తెరచిరి. 1931 సెప్టెంబరు 16న రక్షకభటులు నిరాయుధులగు నిర్బంధితులపై కాల్పులు జరుపగా సంతోష్ కుమార్ మిత్రా, తారకేశ్వర్ సేన్‌గుప్తా ప్రాణములు కోల్పోయిరి. వారి భౌతికకాయములను తీసికొనిపోవుటకు సుభాష్ చంద్రబోసు వచ్చెను. రవీంద్రనాథ ఠాకూరు కలకత్తా సభలో ఆ దుష్కృత్యమును తీవ్రముగా నిరసించెను.

ఆ కట్టడముననే దేశమునకు మొట్టమొదటి ఐ.ఐ.టి. నెలకొన్నది. 1951 ఆగస్టు 18న మౌలానా అబుల్ కలాం ఆజాద్ దానిని ప్రారంభించెను. 1956లో ప్రథమ స్నాతకోత్సవమున నెహ్రూ ప్రసంగించుచు ఆ స్థలపు పూర్వచరిత్రను ప్రత్యేకముగ స్మరించెను. పిమ్మట ఆ భవనము హిజ్లీ షహీద్ భవనమను పేర వెలసి, 1990లో నెహ్రూ శాస్త్ర సాంకేతిక ప్రదర్శనశాలకు ఆశ్రయమైనది.

చెరసాల పాఠశాలయైనది. గోడలు మారలేదు, లోనికి ఎవరు, ఎందులకు పోవుచున్నారన్నది మాత్రమే మారినది. ఆ మార్పునకు మూల్యముగా ఇద్దరు యువకుల ప్రాణములు కూడ చెల్లింపబడినవి. మన పిల్లలు ఆ ప్రాంగణమున యంత్రములను చూచి రావలసినదే. కాని తిరిగి వచ్చునపుడు, ఆ గదులలో పూర్వ మెవరుండిరో తల్లిదండ్రులు చెప్పుట మరువకుందురు గాక.