నడకదూరము నుండి బండిదూరమునకు: ముంబయి తెలుగువారి రాకపోకల చరిత్ర

ఉగాది సభ సాయంకాలము ఆరు గంటలకని ఆహ్వానపత్రికలో అచ్చు వేయుట మన సంఘముల ఆనవాయితీ. ఏడున్నరకు గాని ప్రార్థనాగీతము మొదలు కాదు. ఇది తెలుగువారి బద్ధకమని కొందరు పరిహాసమాడుచుందురు. అట్లనువారు సభకు వచ్చినవారిని ఏ ఊరినుండి వచ్చినారో ఒక్కమాటు అడిగి చూడవలెను. ఒకరు నాలాసొపారా అందురు, ఒకరు డోంబివలీ, ఒకరు భివండి, మరొకరు పన్వేలు. తలంటుకొని, పచ్చడి నోట వేసుకొని, పండుగపూట కూడ రెండు బండ్లు మారి వచ్చినవారిని బద్ధకస్తులని ఎట్లనగలము? ఇదే నగరములో మన తాతముత్తాతలు పనికిని సభకును కాలినడకనే పోయి వచ్చినారు. నడుమ ఈ దూరము ఎక్కడనుండి వచ్చినది? దానికొక చరిత్ర ఉన్నది.

(1995లో నగరమునకు ముంబయి అను పేరు అధికారికముగా వచ్చినది. పాత సంగతులు చెప్పునప్పుడు బొంబాయి అని వ్రాసినచో పాఠకులు మన్నింతురు గాక. మన ఇండ్లలో పెద్దల నోట ఆ మాటయే ఇంకను నిలిచియున్నది.)

బొంబాయి మొదట ఏడు దీవులు. ఒక దీవినుండి మరొకదానికి పోవలెనన్న పడవయో, ఆటుపోటు తీసినప్పుడు బురదలో నడకయో శరణ్యము. వర్లీ వద్ద సముద్రపు గండిని పూడ్చి కట్టిన హార్న్‌బీ వెల్లార్డ్ అను కట్ట 1784 ప్రాంతమున పూర్తియైన తరువాత లోపలి పల్లపు నేలలు క్రమముగా ఆరి నివాసయోగ్యములైనవి. ఆ నేలలలో గుడిసెలు వేసికొన్నవారిలో నిజాము రాజ్యమునుండి వలస వచ్చిన తెలుగు కూలీలు ముఖ్యులు. వారిని ఇక్కడివారు కామాఠీలనిరి. వారుండిన చోటు కామాఠీపురా అయినది. రాయి మోసి, సున్నము కలిపి, రోడ్లు వేసి, గోడలు లేపిన చేతులవి. తరువాతి కాలమున ఆ పేట వేరొక కారణముచే అపఖ్యాతి పాలగుట వలన, ఆ పేరు మన శ్రామికుల పేరని చెప్పుకొనుటకు మనవారే సంకోచించుచున్నారు. సంకోచింపవలసినది ఏమియు లేదు. నగరపటములో తెలుగు కూలివాని గుర్తు అంత పెద్దదిగా మరెక్కడను కనబడదు.

కామాఠీకి పని ఎక్కడనో ఇల్లు అక్కడనే. కట్టడము పూర్తియైనచో గుడిసె మరొక కట్టడము ప్రక్కకు మారును. రాకపోకల సమస్య అనునది వాని ఊహకందని మాట.

ఆనాటికి బండ్లు రాలేదా అందురేమో. వచ్చినవి. 1853 ఏప్రిల్ 16న బోరీబందరు నుండి ఠాణేకు మన దేశములో మొదటి ప్రయాణికుల రైలు 14 పెట్టెలతో, 400 మంది అతిథులతో 34 కిలోమీటర్లు నడచినది. 1867 ఏప్రిల్‌లో విరార్ నుండి బొంబాయికి రోజుకు ఒక్క బండి పోవుట, ఒక్క బండి వచ్చుట ఏర్పడినది. నేడు విరార్ లోకలు ఎక్కుటకు ప్రాణములు ఉగ్గబట్టుకొను సోదరులు ఆ ఒక్క బండిని తలచుకొని నవ్వుకొనవచ్చును. 1874 మే 9న గుర్రపు ట్రాము వచ్చినది. ఆ కంపెనీ శాలలో దాదాపు 900 గుర్రములుండెడివట. మొదట టిక్కెట్టు మూడణాలు. రోజుకూలిని అణాలలోనే లెక్కించు ఆ కాలమున మూడణాలిచ్చి బండి ఎక్కువాడు కూలివాడు కాడు. 1907లో కరెంటు ట్రాము, 1926 జూలై 15న బస్సు, 1925 ఫిబ్రవరి 3న విక్టోరియా టెర్మినస్ నుండి కుర్లాకు కరెంటు రైలు వచ్చినవి. వీటికి అలవాటు పడినవారు ముందుగా గుమాస్తాలు, చిన్న ఉద్యోగులు. మన మిల్లు కార్మికుడు మాత్రము చాలకాలము నడకనే నమ్ముకొన్నాడు. ఆ కారణము కొంత వివరింపదగినది.

1850ల మధ్య తాడ్‌దేవులో మొదటి బట్టలమిల్లు లేచినది మొదలు గిరణ్‌గావ్, అనగా మిల్లులూరు, పరేలు, లాల్‌బాగు, వర్లీల వరకు ప్రాకినది. కరీంనగరము, నల్లగొండ ప్రాంతముల పద్మశాలీలు మగ్గము చేతికి తిండి పెట్టని రోజులలో ఈ మిల్లుల సాంచెల దగ్గరకు వచ్చి చేరినారు. వచ్చినవానికి వెంటనే కాయము ఉద్యోగము దొరకదు, బదిలీవాడుగా ఉండవలెను. అనగా ప్రతి పాళీకి మిల్లు గేటు ముందు నిలువవలెను. ఎవడైన రాకున్నచో జాబరు వేలు చూపి వీనిని లోపలికి పిలుచును. పిలువకున్నచో ఆ దినము కూలి లేదు. ఇట్టివాడు దూరమున కాపురముండగలడా? గేటు కూత చెవిని పడు చోటనే ఉండవలెను. అందుచేత మిల్లు ప్రక్కన చాళి, చాళి ప్రక్కన ఖానావళి, దాని ప్రక్కన గుడి, భజన, కుస్తీల తాలీము. ఒక్క గదిని పదిమంది కలిసి అద్దెకు తీసికొని, పగటిపాళీవారు లేచిన చాపమీదనే రాత్రిపాళీవారు నడుము వాల్చెడివారు.

ప్రభుత్వము 1920 తరువాత వర్లీ, నాయగావ్, డిలైల్ రోడ్డు, శివడీలలో కట్టించిన బి.డి.డి. చాళులు 207. ఒక్కొక్క గది 160 చదరపుటడుగులు. నీళ్ళు, మరుగుదొడ్లు ఉమ్మడి. అది సుఖమైన బ్రదుకని ఎవరును అనరాదు. ఆ ఇరుకును పొగడుట అందులో కాపురముండని వారికే చెల్లును. కాని ఒక్క సంగతి గమనింపవలెను. పాళీ దిగిన మనిషి పావుగంటలో ఇంట ఉండెడివాడు. పిల్లవాడు తండ్రిని మెలకువతో చూచెడివాడు. సాయంకాలము చాళి వసారాలో నలుగురు చేరి తెలుగుమాట మాట్లాడెడివారు. మునిసిపాలిటీ తెలుగుబడి పిలువదగు దూరమున ఉండెడిది.

ఆ దూరము పెరుగుటకు మొదటి కారణము అద్దెల చట్టమని నా అభిప్రాయము. 1947లో వచ్చిన ఆ చట్టము అద్దెలను 1940 సెప్టెంబరు నాటి మట్టముననే నిలిపివేసినది. ఉన్నవారికి అది కవచము. కాని అద్దెకిచ్చుటకు క్రొత్త ఇల్లు కట్టుట ఎవరికిని లాభము కాకపోయెను. తరువాత వచ్చినవానికి, పెరిగిన కుటుంబములోని రెండవ కొడుకునకు, నగరము నడుమ గది లేదు. వాడు పడమటి లైనులోనో సెంట్రల్ లైనులోనో నాలుగు స్టేషనులు పైకి పోయినాడు. నగరపు ఎల్లయును వాని వెంటనే నడచి 1950లో జోగేశ్వరి వరకు, 1957లో దహిసర్, ములుండు వరకు పోయినది. 1961లో 41 లక్షలున్న జనము 2011 నాటికి 1 కోటి 24 లక్షలు. ఈ నడుమనే, 1964 మార్చి 31 రాత్రి, బోరీబందరు నుండి దాదరుకు చివరి ట్రాము వెళ్ళిపోయినది.

రెండవ దెబ్బ 1982 జనవరి 18న మొదలైన మిల్లు సమ్మె. డాక్టరు దత్తా సామంత్ నాయకత్వమున దాదాపు రెండున్నర లక్షలమంది పని మానినారు. ఆ సమ్మె ముగిసినదని ఎవరును ప్రకటింపలేదు. మిల్లులే క్రమముగా ముగిసిపోయినవి. మనవారిలో కొందరు స్వగ్రామములకు మరలినారు. కొందరు భివండి మరమగ్గములకు పోయినారు. అక్కడి పద్మానగరులో నేటికిని తెలుగు వినవచ్చును. భివండికి స్టేషను లేకపోలేదు గాని అది వసయి–దివా దారిలో ఉన్నది. ముంబయికి రావలెనన్న ఠాణేకో కళ్యాణ్‌కో చేరి లోకలు అందుకొనవలెను.

మిల్లులు పోయిన నేల ఏమైనదో అందరును ఎరుగుదురు. 1991 నాటి నిబంధన ప్రకారము ఆ నేలలో ఒక వంతు నగరమునకు, ఒక వంతు సామాన్యుల ఇండ్లకు, ఒక వంతు యజమానికి అనుకొనిరి. 2001లో దానిని సవరించి, పంచవలసినది మొత్తము నేలను గాదు, కట్టడములు లేని ఖాళీ జాగాను మాత్రమే అనిరి. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను నిలిపినది. మిల్లులలో విశేషభాగము కట్టడములే గదా! నగరమునకు, సామాన్యునకు మిగిలినది స్వల్పము. ఆ చోట్ల దుకాణముల మాలులు, అద్దాల ఆఫీసులు, ఆకాశమునంటు నివాసములు లేచినవి.

ఇక్కడనే రాకపోకల కథ తలక్రిందులైనది. ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు, పరేలు, లోయర్ పరేలు స్టేషనులు మిల్లులకాలపువి. అప్పటి పనివాడు ప్రక్కనుండి నడచి వచ్చెడివాడు గనుక స్టేషనుమీద భారము తక్కువ. ఇప్పుడు అదే నేలమీద పనిచేయువారు విరార్, కళ్యాణ్‌ల నుండి దిగుచున్నారు. మెట్లు మాత్రము పాతవే. 2017 సెప్టెంబరు 29, దసరాకు ముందునాడు, ఉదయము వాన కురియుచుండగా ఎల్ఫిన్‌స్టన్ రోడ్డు, పరేలు స్టేషనులను కలుపు ఇరుకు వంతెనమీద జనము నిలిచిపోయి, త్రొక్కిసలాటలో 23 మంది చనిపోయినారు. వారు బండి క్రింద పడలేదు. మెట్లమీద ఊపిరాడక పోయినారు. సైన్యము వచ్చి 2018 ఫిబ్రవరి నాటికి క్రొత్త వంతెన కట్టి ఇచ్చినది. అంతకుముందు ఏండ్లతరబడి కుదరని పని, చావు వచ్చిన తరువాత నెలలలో కుదిరినది.

లోకలు బండిలోని రద్దీని ఈ సంచిక పాఠకులకు వర్ణించుట అనవసరము. అయినను పల్లెలనుండి వచ్చు బంధువుల నిమిత్తము ఒకటి రెండు చెప్పెదను. పెట్టెలో ఒక చదరపు మీటరు చోట 14 నుండి 16 మంది నిలుచుట ఇక్కడ కద్దు. రైల్వేవారు దీనికి ‘సూపర్ డెన్స్ క్రష్ లోడ్’ అని ప్రత్యేక నామమే పెట్టినారు. ముగ్గురి బల్లమీద నాలుగవవాడు ఒక తొడ ఆనించి కూర్చుండుట హక్కు. దానికి ‘ఫోర్త్ సీటు’ అని పేరు. డోంబివలీలో సీటు దొరకదని ఎదురుబండిలో కళ్యాణ్ పోయి, అక్కడనుండి కూర్చుండి తిరిగి వచ్చువారున్నారు. విరార్ బండి ఎక్కి బోరివలీలో దిగుదుననువానికి తోటివారే బుద్ధి చెప్పుదురు. ఆడవారి పెట్టెలో చిక్కుడుకాయలు ఈనెలు తీయుట, పూలు మాలకట్టుట, సంక్రాంతి నాళ్ళలో పసుపుకుంకుమలు పంచుట గలవు. 1992 మే 5న చర్చిగేటు నుండి బోరివలీకి ఆడవారికే ఒక పూర్తి బండి ఏర్పడుట వారి పోరాటమునకు కొంత ఊరట. ఇవన్నియు చూచి, బొంబాయివారి ఓర్పు గొప్పదని పత్రికలు వ్రాయుచుండును. ఆ పొగడ్త నాకు రుచింపదు. వేరొక దారి లేనివాని నిలుకడను ఓర్పు అని పిలుచుట న్యాయము గాదు.

పట్టాలు దాటుచును, తలుపు దగ్గర జారియు ఈ లైనులలో ఏటా రెండువేలకు పైగా మనుష్యులు పోవుచున్నారు. 2025 జూన్ 9న ముంబ్రా వద్ద మలుపులో ఎదురెదురు బండ్ల తలుపులకు వ్రేలాడుచున్నవారు ఒకరికొకరు తగిలి పడిపోయినారు. ఆనాడు నలుగురు మరణించినారు. తలుపులు మూయరాదా అని క్రొత్తవారడుగుదురు. ఆ జనముతో తలుపు మూసినచో లోపల గాలి యుండదు. గాలి ఆడునట్లు అమర్చి తలుపులు వాటంతట మూసుకొను బండ్లు చేయింతుమని ఆ దుర్ఘటన తరువాత ప్రకటించినారు.

చావులు లెక్కకు వచ్చును, పత్రికకు ఎక్కును. లెక్కకు రానిది కాలము. పోవుటకు గంటన్నర, వచ్చుటకు గంటన్నర అనుకొందము. ఏటికి 300 పనిదినములకు 900 గంటలు, అనగా రాత్రింబవళ్ళు కలిపి ముప్పదియేడున్నర రోజులు. ముప్పది ఏండ్ల ఉద్యోగములో మూడేండ్లు దాటును. ఆ మూడేండ్లు మనిషి ఇంటను లేడు, పనిలోను లేడు. మిల్లుకాలపు చాళిలో తెలుగు నేర్చిన పిల్లవానికి తండ్రి సాయంకాలము దొరకినాడు. నేటి తండ్రి ఇల్లు చేరుసరికి పిల్లవాడు నిదురపోవుచుండును. తెల్లవారి పిల్లవాడు లేచుసరికి తండ్రి 6.52 బండికి పోయియుండును. ఇంటిలో తెలుగు తగ్గుటకు మనము ఇంగ్లీషు చదువును తిట్టుచున్నాము. తిట్టవలసినదే కొంత. మిల్లు పేటల తెలుగు మునిసిపలు బడులలో పిల్లలు పలుచబడుటకు ఆ మోజు ఒక కారణమైనచో, బడి చుట్టునున్న ఇండ్లు చెదరి అరువది కిలోమీటర్ల పొడవున పరచుకొనుట రెండవ కారణము.

దీనిని ముందుగా చూచినవారు లేకపోలేదు. 1965లో చార్లెస్ కొరియా, ప్రవీణా మెహతా, శిరీష్ పటేల్ అను ముగ్గురు, ఖాడీకి ఆవలి గట్టున క్రొత్త నగరము కట్టి పనులను అచటికి పంపవలెనని సూచించినారు. అందుకై 1970లో సిడ్కో ఏర్పడినది. కాని సచివాలయము కదలలేదు. పైగా అవే ఏండ్లలో నరిమన్ పాయింటు వద్ద సముద్రము పూడ్చి మరిన్ని ఆఫీసులు కట్టినారు. వాశీకి లోకలు బండి 1992 మేలో గాని రాలేదు. ఇండ్లు ఆవల, పనులు ఈవల మిగిలినవి. ఇటీవల మెట్రో వచ్చినది: 2014లో వర్సోవా–ఘాట్‌కోపర్, 2025 అక్టోబరు నాటికి ఆరే నుండి కఫ్ పరేడు వరకు భూమి క్రింద 33 కిలోమీటర్లు. మేలే. అయితే విరార్, బద్లాపూరు వానికి అవి రెండవ బండి. మొదటిది పాత లోకలే.

మూతపడిన మిల్లుల కార్మికులకు ఇండ్లిత్తుమని ప్రభుత్వము మాట ఇచ్చియున్నది. సుమారు లక్షన్నర అర్జీలు వచ్చినవి. అనేక కుటుంబములలో కార్మికుడు గతించి అర్జీ వారసుని చేతికి వచ్చినది. వారికి చూపిన చోట్లలో శేలూ, వంగణి ముఖ్యమైనవి. అవి కర్జత్ దారిలో బద్లాపూరు దాటిన స్టేషనులు. మాకు ముంబయిలోనే ఇండ్లు కావలెనని 2025 జూలైలో కార్మికులు ఆజాద్ మైదానమున చేరి అడిగినారు. శేలూలో ఎక్కినవాడు లాల్‌బాగులో తన తండ్రి పనిచేసిన మిల్లు దగ్గరకు రావలెనన్న కర్రీ రోడ్డులో దిగవలెను. ఫాస్టు బండి అక్కడ ఆగదు. దాదరులో దిగి స్లో బండి పట్టుకొనవలెను.