ఎయిర్ క్యాడెట్లు: పుట్టుక, యుద్ధకాల సేవ

బ్రిటన్‌లోని ఎయిర్ ట్రైనింగ్ కోర్ అనే యువజన సంస్థకు మూలం 1938లో మొదలైన ఎయిర్ డిఫెన్స్ క్యాడెట్ కోర్. దీన్ని నెలకొల్పింది రాయల్ ఎయిర్ ఫోర్స్ విశ్రాంత అధికారి, ఎయిర్ కమొడోర్ జాన్ షామియర్. అప్పటికి ఆయన ఎయిర్ లీగ్ అనే సంస్థకు ప్రధాన కార్యదర్శి. చాలీచాలని శిక్షణతో విమానమెక్కిన కుర్రవాళ్లు ఎందరో నేలకూలడం మొదటి ప్రపంచయుద్ధంలో ఆయనకు అనుభవమే. యుద్ధం వచ్చేలోగానే తర్ఫీదు మొదలుకావాలన్నది అందులోంచి ఆయన నేర్చుకున్న పాఠం. పైగా జర్మనీలో యువకులు అప్పటికే గ్లైడర్లు నడపడం నేర్చుకుంటున్నారు.

ఆ కోర్ ప్రభుత్వ సంస్థ కాదు. ఏ పట్టణంలోని స్క్వాడ్రన్‌ను ఆ పట్టణవాసులే చందాలు పోగుచేసి నడుపుకునేవారు. క్యాడెట్లు, అంటే శిక్షణ పొందే పిల్లలు, కలుసుకోవడానికి చోటు చూడటం, ఖర్చులకు డబ్బు సమకూర్చడం, వారి బాగోగులు కనిపెట్టుకోవడం స్థానిక పెద్దల కమిటీల బాధ్యత.

1939లో రెండో ప్రపంచయుద్ధం వచ్చిపడటంతో శిక్షకులు చాలామంది సైన్యంలోకి వెళ్లిపోయారు. అయినా క్యాడెట్లు చెదిరిపోలేదు. వైమానిక స్థావరాలకు వెళ్లి, చేతనైన పనల్లా అందుకున్నారు. కబుర్లు చేరవేశారు, ఆఫీసు పనులు చూశారు, విమానాలను అటూ ఇటూ తరలించడంలో సాయపడ్డారు, సామాన్లు మోశారు. వేల సంచుల్లో ఇసుక నింపారు, మెషిన్‌గన్ బెల్టుల్లో తూటాలు పేర్చారు. ఇవి చిన్న పనుల్లా కనిపించినా, ఆ మేరకు సిబ్బందికి వెసులుబాటు దొరికింది.

వైమానిక దళంలో చేరడానికి ఎదురుచూస్తున్న యువకులకు ముందస్తు శిక్షణ ఇచ్చే పనినీ ఈ కోరే చేపట్టింది. ఇక్కడ నేర్చుకుని వెళ్లినవారు దళంలో ప్రాథమిక శిక్షణను త్వరగా ముగించేవారు. 1940 చివరికి ప్రభుత్వం దీని విలువ గుర్తించి, నిర్వహణను తానే తీసుకుంది. 1941 ఫిబ్రవరి 5న రాజశాసనంతో ఎయిర్ ట్రైనింగ్ కోర్ ఏర్పడింది. ఆరవ జార్జి రాజు దీనికి ఎయిర్ కమొడోర్ ఇన్ చీఫ్ అయ్యారు. నెల తిరిగేసరికి స్క్వాడ్రన్ల సంఖ్య 400 దాటింది. మోర్స్ సంకేతాలు, దిశానిర్ణయం, లెక్కలు, విమానాలను ఆకారాన్నిబట్టి గుర్తుపట్టడం, కవాతు, వ్యాయామం పాఠాల్లో ముఖ్యమైనవి.

యుద్ధం ముగిశాక కోర్‌ను రద్దు చేయలేదు. పైలట్లను అందించడం ఒక్కటే లక్ష్యం కాకుండా, సైన్యంలోనూ పౌరజీవితంలోనూ అక్కరకొచ్చే క్రమశిక్షణ, నాయకత్వం అలవరచడం దాని పని అయింది. 1980ల తొలినాళ్లలో అమ్మాయిలకూ ప్రవేశం దొరికింది. శిక్షణ ప్రభుత్వం చేతికి వచ్చినా, విరాళాలు సేకరించి క్యాడెట్ల సంక్షేమం చూసే స్థానిక కమిటీలు మాత్రం కొనసాగాయి. చందాలతో పుట్టిన సంస్థకు అవి నేటికీ ఆధారం.