నాంపల్లి నుమాయిషు: కొలువు పోయిన ఇండ్లు

హైదరాబాదులో కొలువునకున్న గౌరవము వర్తకమునకు లేకుండెను. అబిడ్సు అను పేరు మాత్రము ఆరవ నిజాము మహబూబు అలీఖానుకు పరిచారకుడై యుండి దుకాణము పెట్టిన ఆబిదుది. అతని దారి తొక్కినవారు తక్కువ. 1919 నాటి ముల్కీ ఫర్మాను 15 ఏండ్ల నివాసమును సర్కారు ఉద్యోగమునకు అర్హతగా నిర్ణయించినది. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున ఉర్దూలో చదివి పట్టము పుచ్చుకొన్నవారి చూపులన్నియు దఫ్తరు మీదనే.

ఆ పట్టభద్రుల సంఘమువారే రాష్ట్రపు ఆర్థికస్థితిని సర్వే చేయదలచిరి. అందులకు సొమ్ము కావలసి, 1938లో పబ్లిక్ గార్డెన్సులో సుమారు 100 దుకాణములతో ‘నుమాయిష్ మస్నూఆతె ముల్కీ’, అనగా స్వదేశ వస్తు ప్రదర్శనము, ఏర్పాటు చేసిరి. మూలధనము రెండున్నర రూపాయలని చెప్పుకొందురు. అంతవరకు కొలువునకు అర్హతగానున్న ‘ముల్కీ’ అను మాట ఇక్కడ చేతిపనికి బిరుదైనది. 1946లో ప్రదర్శనము నాంపల్లి స్టేషనుకును మొజంజాహి మార్కెట్టుకును నడుమనున్న ఇప్పటి మైదానమునకు మారెను.

ఆ మార్పు జరిగిన రెండేండ్లకే, 1948 సెప్టెంబరులో పోలీసుచర్య జరిగినది. నిజాము సైన్యము రద్దయినది. 1949లో జాగీర్లు పోయినవి. పరిహారము జాగీర్దార్లకును వారి భాగస్వాములకును లభించెను. దేవిడీ గుమ్మము కాచిన దర్వానుకు గాని, పిల్లలను పెంచిన దాదికి గాని అది వర్తింపలేదు. కచేరీలలో ఉర్దూకు బదులు ఆంగ్లము రాగా, ముత్యముల వంటి దస్తూరి గల మున్షీ నడివయసున నిరక్షరాస్యుడైనట్లయ్యెను. నా దృష్టిలో ఆకలికన్న ఇదియే పెద్ద దెబ్బ. ఇట్టి ఇండ్లలో మొదట కదలునవి నగలు, పిదప రాగిపాత్రలు. వేడుకకు నేర్చిన కారచోబు కుట్టుపని అట్టివేళ పరదా చాటున పొయ్యి వెలిగించు వృత్తియగును.

సర్కారు చేయూత ఏమనిన, యుద్ధము ముగిసి విడుదలయ్యెడి సైనికుల కొరకు 1945లో ఏర్పడిన ఉపాధి కల్పనా వ్యవస్థ 1948 ఆరంభమున అందరికిని తెరువబడెను. దాని నిత్యనిర్వహణ 1956 నవంబరు 1న, ఆంధ్రప్రదేశ్ అవతరించిన నాడే, రాష్ట్రములకు వచ్చినది. ఖాళీలను తెలుపవలసినదని 1959 చట్టము యజమానులను నిర్బంధించినది; ఆ కార్యాలయము పంపినవారినే చేర్చుకొనవలెనని మాత్రము నిర్బంధింపలేదు. కార్డు చేతబట్టుకొని ఏండ్ల తరబడి ఎదురుచూచిన వారికి ఈ సూక్ష్మము తెలిసియుండునా?

నడుమ నిలిచిపోయిన నుమాయిషు 1949లో తిరిగి సాగినది. గవర్నరు జనరలు చక్రవర్తి రాజగోపాలాచారి ప్రారంభించిరి. దాని ఆదాయము విద్యాసంస్థలకు మరలెను. ఆ ప్రాంగణముననే ఆడపిల్లలకు కమలా నెహ్రూ పాలిటెక్నిక్కు, సరోజినీ నాయుడు వనితా మహావిద్యాలయము వెలసినవి. కుట్టుపని ఇంటిని నిలుపవచ్చును గాని కూలి ఎంతయని అడుగు ధైర్యమును ఈయదు. చేతిలోని పట్టా ఆ ధైర్యము నిచ్చును. జనవరి మొదలు సుమారు 45 దినములు జనసమ్మర్దము. దుకాణముల తడికెలు విప్పిన పిదప, ఉదయము పుస్తకములతో ఆ ద్వారమున ప్రవేశించువారు ఆ విద్యార్థినులే.