బ్రిటనులో గ్యాసు పొయ్యిల బేరము

ప్రభుత్వము వర్తకము చేయవచ్చునా యను ప్రశ్నకు ఔననియో కాదనియో ఒక్కమాటతో సమాధానము చెప్పువారు పలువురు గలరు. బ్రిటను దేశమున గ్యాసు పొయ్యిల యమ్మకము నడచిన తీరు చూచినచో ఆ ప్రశ్న యంత సులభమైనది కాదని తేటపడును.

గ్యాసు మొదట దీపములకొరకు వచ్చినది. 1812వ సంవత్సరమున రాజశాసనము పొందిన లండను కంపెనీ అమ్మినది వెలుతురు. విద్యుద్దీపము వచ్చి ఆ బేరమునకు ముప్పు తెచ్చిన పిమ్మట గ్యాసు కంపెనీలు వంటయింటివైపు చూడసాగెను. పొయ్యి లేనిదే గ్యాసు ఖర్చు కాదు. కావున అవి పొయ్యిలను అద్దెకిచ్చెను. చిల్లర నాణెము వేసినంతనే గ్యాసు వదలు మీటరులను పేదల యిండ్లలో నమర్చెను. వానికి పొయ్యి సరకు కాదు, గ్యాసునకు ద్వారము. తరువాతి తగవంతయు నిందుండియే పుట్టినది.

1949 మే 1వ తేదీన కంపెనీలును పురపాలక సంఘముల గ్యాసు కార్ఖానాలును, మొత్తము వేయికి పైబడినవి, జాతీయము చేయబడి పండ్రెండు ప్రాంతీయ బోర్డుల క్రిందికి వచ్చెను. విక్రయశాలలును వానితోడనే వచ్చెను. 1973లో బోర్డులన్నియు నొక్క కార్పొరేషను అయ్యెను. ఉత్తర సముద్రమున దొరకిన వాయువునకు తగినట్లు 1967 మొదలు 1977 వరకు పొయ్యిలన్నిటిని సవరింపవలసి వచ్చినప్పుడు, ఆ సంస్థల పనివారు కోటికి పైబడిన యిండ్లలో అడుగుపెట్టిరి. ఇట్టి పరిచయము ఏ చిల్లర వర్తకునికి లభించును?

చిన్న దుకాణదారుడు పొయ్యిల నమ్మరాదని చట్టము చెప్పలేదు. కాని గ్యాసు బిల్లు కట్టుటకు కార్పొరేషను శాలకు వచ్చిన గృహిణికి ఎదుటనే క్రొత్త పొయ్యిలు కనబడును. వెలను వాయిదాలుగా చెల్లింపవచ్చును. చెడిపోయినచో బాగుచేయుటకు ఆ సంస్థ మనిషియే వచ్చును. పొయ్యిలు తయారుచేయువారికిని కార్పొరేషనే పెద్ద గిరాకి. అది కోరిన నమూనాయే తయారగును. అన్నిటికంటె చిక్కైనది లెక్క. ఒకే గదిలో బిల్లులు వసూలు చేయుచు పొయ్యిల నమ్మునప్పుడు, ఆ గది యద్దెలో గ్యాసు పాలెంత, పొయ్యిల పాలెంత? పొయ్యిలపై వచ్చిన నష్టమును గ్యాసు లాభము కప్పివేయగలదు. దుకాణదారునికి అట్టి రెండవ సంచి లేదు. తక్కువ ధరకు అమ్ముటలో నాకు దోషము కనబడదు. ఆ తగ్గింపు నెవరు భరించిరో కనబడకుండుటయే అన్యాయము.

1980లో గుత్తవ్యాపారములను విచారించు సంఘము ఈ ప్రాబల్యము ప్రజాహితమునకు విరుద్ధమని తేల్చెను. మరుసటి యేట మార్గరెట్ థాచరు మంత్రివర్గము, కార్పొరేషను తన శాలలను వదలుకొనవలెనని ప్రకటించెను. పనివారు సమ్మెకు దిగిరి. వారి వాదమును కేవలము స్వార్థమని త్రోసివేయరాదు. నేర్పులేనివాడు అమర్చిన పొయ్యి ఇంటిల్లిపాది ప్రాణములు తీయగలదు. లాభము రాని చిన్న యూళ్లలో శాల నుంచువాడెవడని వారడిగిన ప్రశ్నయు న్యాయమైనదే. అయినను లెక్కలను వేరుచేయుమని గట్టిగా కోరినవారు ఇరుపక్షములందును తక్కువే యని నా యభిప్రాయము.

ఆ యమ్మకము జరుగలేదు. 1986లో కార్పొరేషను ప్రైవేటుపరమైనప్పుడు శాలలును గొట్టములతో కలిసియే వాటాదారుల చేతికి పోయెను. అవి 1990ల చివరి యేండ్లలో మూతపడినవి. మూయించినది ప్రభుత్వపు టాజ్ఞ కాదు, వచ్చిన నష్టము.