ఒక హర్ఫ్ మీద పడ్డ ఇల్జామ్

2018 ఫిబ్రవరిలో మన తెలుగు పేరు దునియా అంతా మార్మోగింది. మంచి ఖబర్‌తో కాదు. ఒక తెలుగు అక్షరం ఐఫోన్లను పడగొడుతోందని విలాయత్ నుంచి అమెరికా దాకా అఖ్బార్లు రాశాయి. కొందరు దాన్ని వైరస్ అన్నారు, కొందరు ఏకంగా బాంబ్ అన్నారు.

ఆ హర్ఫ్ ఏదో తెలుసా? జ్ఞా. జ్ఞానంలో మొదటి అక్షరం. మన ఇళ్లలో ఇల్మ్ అంటామే, దానికి తెలుగు మాట రాయమంటే పిల్లలు మొదట రాసేది దాన్నే. నేను కంప్యూటర్ ఇంజనీర్ని కాను, తారీఖ్ మీద షౌఖ్ ఉన్న మనిషిని. అందుకే ఈ ఇల్జామ్‌లో ఎంత సచ్చాయి ఉందో వెతుక్కుంటూ పోయాను. దొరికిన కథ జ్ఞా కంటే చాలా పాతది.

ముందు జరిగింది చెబుతాను. ఐఓఎస్ 11.2.5 ఉన్న ఫోన్‌కి ఆ అక్షరంతో ఒక మెసేజ్ వస్తే, దాన్ని చూపించబోయిన యాప్ టక్కున మూతపడేది. మళ్లీ తెరిస్తే మళ్లీ మూత. మెసేజెస్, వాట్సాప్, జీమెయిల్, ఔట్‌లుక్, అన్నిటికీ ఇదే హాల్. అది నోటిఫికేషన్‌గా తెర మీదికి వచ్చిందా, ఇక ఫోన్ మొత్తం పడిపోయి లేస్తూ, లేచి పడిపోతూ ఉండేది. షరారత్ చేసేవాళ్లు కొందరు ఆ అక్షరాన్ని ట్విట్టర్‌లో తమ పేరు పక్కన పెట్టుకుని తమాషా చూశారు.

తమాషా వాళ్లకి. మా నస్రుల్లాబాద్ వైపు, అసలు కామారెడ్డి, నిజామాబాద్ జిల్లాలన్నిటిలో, గల్ఫ్‌కి ఒక మనిషిని పంపని మొహల్లా దొరకడం కష్టం. ఆ ఇళ్లలో ఫోన్ అంటే ఇంటి ఖర్చు లెక్క, బిడ్డ మొహం, చెల్లెలి నికాహ్, ఒక్కోసారి అబ్బా జనాజా కూడా అందులోనే చూడాలి. అలాంటి చోట తెలుగులో మెసేజ్ పంపడమే ఖతరా అని ఖబర్ వస్తే ఏమవుతుంది?

ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 విడుదల చేసి మరమ్మతు చేసింది. మాక్ కంప్యూటర్లకి, గడియారాలకి కూడా అప్పుడే మందు వేసింది. దానితో పాటు ఇచ్చిన కాగితంలో అసలు ముల్జిమ్ ఎవరో రెండు వాక్యాల్లో ఉంది: కోర్‌టెక్స్ట్ అనే భాగంలో, ఒక రకంగా కూర్చిన అక్షరాలు వస్తే మెమరీ చెడిపోతోంది, లోపలికి వచ్చేదాన్ని ఇకమీద సరిగ్గా పరఖ్ చేస్తాం అని. సీవీఈ 2018-4124 దాని నంబర్. అంటే కసూర్ అక్షరానిది కాదు, మెమరీ హిసాబ్‌ది.

ఈ హిసాబ్ ఏమిటో మన ఊరి మాటల్లో చూద్దాం. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ కాలువల కింద పంట పండించుకునే ఇలాఖా మనది. మడికి గట్టు ఉంటుంది. నీళ్లు వదిలేవాడు మడి ఎంతుందో చూడకుండా వదిలితే నీళ్లు గట్టు దాటి పక్కవాడి మడిలో పడతాయి. పక్కవాడు నిన్ననే నారు పోసి ఉంటే అది కొట్టుకుపోతుంది. కంప్యూటర్ మెమరీ కూడా అలాంటి మడులే. 1970ల మొదట్లో బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ తయారు చేసిన సి అనే జుబాన్‌లో, దాని తర్వాతి సి ప్లస్ ప్లస్‌లో, మడి కొలత చూసుకునే జిమ్మేదారీ ప్రోగ్రామ్ రాసేవాడిదే. వాడు మరిచిపోతే జుబాన్ ఆపదు. నీళ్లు పొంగుతాయి. దీన్నే బఫర్ ఓవర్‌ఫ్లో అంటారు.

రెండో రకం ఖతా తహసీల్ కచేరీ మెట్లెక్కినవాళ్లకి చప్పున అర్థమవుతుంది. కౌలుదారు భూమి వదిలేశాడు. మాలిక్ దాన్ని ఇంకొకరికి ఇచ్చాడు. కానీ పాత కౌలుదారు జేబులో పాత కాగితం అలాగే ఉంది. ఒకరోజు ఆ కాగితం పట్టుకొచ్చి కొత్తవాడి పంటలో నాగలి పెట్టాడు. కంప్యూటర్‌వాళ్లు దీన్ని యూజ్ ఆఫ్టర్ ఫ్రీ అంటారు. మనం కబ్జా అంటాం. 2020లో గూగుల్ వాళ్లు తమ క్రోమ్ బ్రౌజర్‌లోని గంభీరమైన భద్రతా లోపాల్ని లెక్క తీస్తే దాదాపు 70 శాతం మెమరీ ఖతాలే, వాటిలో సగం ఈ కబ్జా రకమే.

నీళ్లు ఊరికే పొంగితే ప్రోగ్రామ్ పడిపోతుంది, అంతే. కానీ తెలివైన చోర్ ఆ నీళ్లలో తన మనిషిని దించుతాడు. పక్క మడిలో కంప్యూటర్ పాటించాల్సిన హుకుం ఉంటే, దాని మీద తన హుకుం రాసేస్తాడు. అప్పుడు ఫోన్ మీ చేతిలోనే ఉంటుంది, మాట మాత్రం వాడిది వింటుంది.

ఇది ఎప్పటి నుంచి ఉంది? 1988 నవంబర్ 2న కార్నెల్ యూనివర్సిటీ విద్యార్థి రాబర్ట్ మోరిస్ వదిలిన పురుగు ఇంటర్నెట్‌ని కుదిపేసింది. అది దూరిన సందుల్లో ఒకటి ఇదే: 512 బైట్ల మడిలోకి 536 బైట్లు పోయడం. 24 బైట్లు ఎక్కువ, అంతే. ఈమెయిల్ వంతు 1998 జులైలో వచ్చింది. ఔట్‌లుక్‌లోనూ నెట్‌స్కేప్ మెయిల్‌లోనూ, అటాచ్‌మెంట్ పేరు మరీ పొడుగ్గా ఉంటే మడి పొంగేది. 2000 జులైలో ఇంకో అజీబ్ సంగతి బయటపడింది. ఉత్తరం పైన తారీఖ్ రాసే చోట కావాలని పొడుగ్గా ఏదైనా నింపితే చాలు, మీరు ఆ ఈమెయిల్ తెరవనక్కర్లేదు, దిగుమతి అవుతుండగానే ఔట్‌లుక్ చోర్ చేతికి పోయేది. ఒక తారీఖ్ ఇంటి తలుపు తీసిందన్నమాట. 2010 జనవరిలో గూగుల్ తన మీద జరిగిన హమ్లాని బయటపెట్టినప్పుడు, దారి ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌లోని కబ్జా రకం ఖతా అని తేలింది.

ఇక్కడ ఒక్క మాట అనకుండా ఉండలేను. 1998లో ఔట్‌లుక్‌ని పడగొట్టిన పొడుగు పేరు ఇంగ్లిష్ అక్షరాలతోనే రాయవచ్చు. దాన్ని ఎవరూ ఇంగ్లిష్ బాంబ్ అనలేదు. మైక్రోసాఫ్ట్ ఖతా అన్నారు. అదే సహీ. 2013 ఆగస్టులో కొన్ని అరబీ అక్షరాల వరుసకి ఐఫోన్లు, మాక్‌లు పడిపోయాయి. 2015 మేలో అరబీ అక్షరాలు కలిసిన ఇంకో మెసేజ్‌కి ఐఫోన్లు రీస్టార్ట్ అయ్యాయి. అప్పుడు అరబీ బదనాం, 2018లో తెలుగు బదనాం. దాదీ ఉత్తరాలు రాసిన లిపి ఒకటి, నేను ఇది రాస్తున్న లిపి ఒకటి. రెండింటి మీదా కేసు పెట్టారు.

అసలు జ్ఞాలో ఏముంది? 2018 ఫిబ్రవరిలోనే మనీష్ గోరేగావ్‌కర్ అనే హిందుస్తానీ ఇంజనీర్, అప్పట్లో మొజిల్లాలో పనిచేసేవారు, దాన్ని ముక్కలు చేసి చూపించారు. జ, పొల్లు, ఞ, కంటికి కనిపించని ఒక గుర్తు, ఆపై దీర్ఘం. మామూలుగా టైప్ చేసిన జ్ఞానంలో ఆ నాలుగో ముక్క ఉండదు, కాబట్టి దానితో ఏ ఫోనూ పడలేదు. ఆ గుర్తు పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. పక్క పక్క అక్షరాలు ఒత్తుగా అతుక్కోకుండా ఆపేది అదే. తెలుగులో ఉర్దూ మాటలు రాసే మనకు దాని అవసరం అందరికంటే ఎక్కువ. మస్‌జిద్ అని విడిగా రాయాలన్నా, తఖ్‌దీర్ అని రాయాలన్నా పొల్లు తర్వాత అదే కూర్చుంటుంది. పడగొట్టిన వరుసలో మాత్రం అది ఒత్తు తర్వాత, దీర్ఘానికి ముందు కూర్చుంది. అలాంటి వరుసలు తెలుగులో ఇంకా చాలా ఉన్నాయని, దేవనాగరిలో, బంగ్లాలో కూడా ఉన్నాయని మనీష్ తేల్చారు. పాపం జ్ఞా ఒక్కటే అఖ్బార్లకెక్కింది.

ఆయన ఉద్యోగమే ఇంకో కథకి దారి. మొజిల్లాలో గ్రేడన్ హోర్ అనే ఆయన ఉండేవారు. 2006లో ఒకరోజు ఇంటికొస్తే లిఫ్ట్ పనిచేయలేదు. సాఫ్ట్‌వేర్ పడిపోయింది. 21వ అంతస్తు దాకా మెట్లెక్కుతూ, మెమరీ ఖతా చేయనివ్వని జుబాన్ ఒకటి ఉండాలి అనుకున్నారట. అదే రస్ట్. 2015 మే 15న దాని 1.0 వచ్చింది. 2017 నవంబర్‌లో ఫైర్‌ఫాక్స్ 57లో, పేజీకి రంగూ రూపూ ఇచ్చే భాగాన్ని రస్ట్‌లోనే రాసి పెట్టారు. మనీష్ పనిచేసింది ఆ జట్టులోనే.

రస్ట్ ఉసూల్ మన పహాణీలాంటిదే. ప్రతి మడికి ఒక్కడే మాలిక్. కావాలంటే ఆరియత్‌గా ఇవ్వొచ్చు, చూసి పోవడానికి ఎందరికైనా, నాగలి పెట్టడానికి మాత్రం ఒకసారికి ఒక్కడికే. మాలిక్ పోతే ఆరియత్ చెల్లదు. ఈ కాగితాలు సరిగ్గా లేకపోతే ప్రోగ్రామ్ తయారే కాదు. పొలంలోకి దిగాక కొట్లాడుకోవడం కాదు, దఫ్తర్‌లోనే ఆపేస్తారు. మన కచేరీల్లో అంత కచ్చితంగా ఉంటే ఎన్ని ముకద్దమాలు తప్పేవో!

అయితే పాత గోడలన్నీ ఒక్కరోజులో పడగొట్టలేరు. 2021లో ఒక సౌదీ కార్యకర్త ఫోన్‌లో పెగాసస్ దొరికింది. బొమ్మ వేషం వేసుకున్న ఫైలు ఒకటి మెసేజ్‌లో వచ్చింది, దేన్నీ నొక్కకుండానే లోపలికి దూరింది. అక్కడా కొలత తప్పిన మడే. 2023 సెప్టెంబర్‌లో వెబ్‌పీ బొమ్మల్ని విప్పే కోడ్‌లో అలాంటిదే ఇంకోటి తేలితే, క్రోమ్, ఫైర్‌ఫాక్స్, ఈమెయిల్ చూసే థండర్‌బర్డ్, అన్నీ ఒకే వారంలో మరమ్మతు చేయాల్సి వచ్చింది. అందుకే గల్ఫ్ నుంచి అప్డేట్ అడుగుతున్న ఫోన్ వస్తే, డేటా ఖర్చని వాయిదా వేయకండి.

మన హర్ఫ్ సంగతికి మళ్లీ వస్తే, ఆండ్రాయిడ్ ఫోన్లు ఆ రోజుల్లో ఎందుకు పడలేదో కూడా చెప్పాలి. వాటిలో అక్షరాల్ని అతికించే పని చేసేది హార్ఫ్‌బజ్. ఇరాన్‌లో పుట్టిన బెహ్‌దాద్ ఇస్ఫహ్‌బద్ చేతిలో పెరిగిన ఆ సాఫ్ట్‌వేర్ పేరు ఫారసీ మాట, హర్ఫ్ బాజ్, అంటే తెరిచిన అక్షరం. దగాబాజ్‌లో బాజ్ అనుకునేరు! తెలుగు ఒత్తుల్నీ, ఉర్దూ నస్తలీఖ్‌నీ అదే పేర్చుతుంది. అది సి ప్లస్ ప్లస్‌లోనే ఉంది, ఇప్పుడు హార్ఫ్‌రస్ట్ పేరుతో రస్ట్‌లోకి మారుస్తున్నారు. 2025లో క్రోమ్ ఆండ్రాయిడ్ మీద వెబ్ ఫాంట్లు చదివే పాత ఫ్రీటైప్‌ని తీసేసి, రస్ట్‌లో రాసిన స్క్రిఫాని పెట్టింది. మీరు ఇది ఆండ్రాయిడ్ ఫోన్‌లో కొత్త క్రోమ్‌తో చదువుతుంటే, పైన రాసిన జ్ఞా మీ తెర మీదికి ఆ దారిలోనే వచ్చి ఉండొచ్చు.