లోతు గుహ (దేర్ ఐన్ అబాతా)

జోర్డాన్ దేశంలో, మృత సముద్రపు ఆగ్నేయ కొసన, సాఫీ పట్టణానికి దగ్గర్లో నిటారు కొండవాలు మీద ఉన్న గుహాలయం. దాన్ని ఆనుకుని ఒక చర్చి, మఠం శిథిలాలు ఉన్నాయి. బైబిలు చెప్పే సొదొమ నగరం నాశనమయ్యాక లోతు తన ఇద్దరు కుమార్తెలతో తలదాచుకున్న గుహ ఇదేనని బైజాంటైన్ కాలపు క్రైస్తవులు నమ్మారు. ‘దేర్’ అంటే అరబ్బీలో మఠం, ‘ఐన్’ అంటే నీటి ఊట. భూమ్మీద కెల్లా పల్లపు నేల అయిన ఈ ఎడారి లోయలో సన్యాసులు నిలదొక్కుకోగలిగింది ఆ ఊట ఉండబట్టే.

ఆదికాండం 19వ అధ్యాయం కథ తెలుగు బైబిలు పాఠకులకు తెలిసిందే. లోతు మొదట సోయరు అనే చిన్న ఊరికి పారిపోతాడు. వెనక్కి తిరిగి చూసిన భార్య ఉప్పు స్తంభమవుతుంది. సోయరులో ఉండటానికి భయపడి అతడు కొండెక్కి గుహలో కాపురముంటాడు. అక్కడ కుమార్తెలు తండ్రికి ద్రాక్షారసం తాగించి అతనివల్ల గర్భవతులవుతారు. మోయాబీయులకు, అమ్మోనీయులకు మూలపురుషులు ఆ పిల్లలే. ఇలాంటి కథ జరిగిన చోట పుణ్యక్షేత్రం వెలియడం వింతగానే తోస్తుంది. అయితే పేతురు రెండవ పత్రిక లోతును నీతిమంతుడంటుంది. పైగా దావీదు ముత్తవ్వ రూతు మోయాబు స్త్రీ. ఆ లెక్కన యేసు వంశావళిలో ఒక పాయ ఈ గుహ దాకా వస్తుంది. గుహలో జరిగినదాన్ని కాక, ప్రళయం నుంచి బయటపడిన మనిషినే ఇక్కడి భక్తులు తలుచుకున్నారనుకోవాలి.

సోయరు కల్పిత గ్రామం కాదు. రోమన్, బైజాంటైన్ కాలాల్లో అది ‘జోఆరా’ పేరుతో బతికిన ఊరు, బిషప్పు పీఠం. నేటి సాఫీ పరిసరాల్లో 4, 5, 6 శతాబ్దాల నాటి సమాధి రాళ్లు వందల్లో దొరికాయి. క్రైస్తవులవి గ్రీకులో, యూదులవి అరమాయిక్‌లో ఉన్నాయి. యూదుల రాళ్ల మీద సంవత్సరాలను యెరూషలేము దేవాలయం కూలిన నాటి నుంచి లెక్కించారు. 4వ శతాబ్ది చివర ఎగేరియా అనే యాత్రికురాలు నెబో కొండ మీదికి వచ్చినప్పుడు లోతు భార్య స్తంభం ఎక్కడని చూసింది. అది కనబడి కొన్నేళ్లయిందని జోఆరా బిషప్పే చెప్పాడని ఆమె రాసిపెట్టింది. యాత్రాకథనాల్లో ఇంత నిజాయితీ అరుదు.

మాదబా పట్టణంలోని చర్చి నేల మీద 6వ శతాబ్దపు మొజాయిక్ పటం ఉంది. అందులో మృత సముద్రపు ఆగ్నేయాన లోతు పేరిట ఒక క్షేత్రం గుర్తించి ఉంది. ఆ గుర్తు ఏ కొండకు చెందిందో 1986లో జరిగిన సర్వేతో గానీ తేలలేదు. 1988 నుంచి పురావస్తు శాస్త్రవేత్త కాన్‌స్టాంటినోస్ పొలిటిస్ నాయకత్వంలో, బ్రిటిష్ మ్యూజియం అండతో తవ్వకాలు సాగాయి. లోతును పేరుపెట్టి వేడుకున్న గ్రీకు శాసనాలు దొరకడంతో సందేహం తీరింది.

చర్చి మూడు నడవల బాసిలికా. అసలు విశేషమంతా ఉత్తరపు నడవలో ఉంది. దాని తూర్పు కొసన గోడకు బదులు గుహ ద్వారం ఉంటుంది, ద్వారం పైరాతి మీద సిలువలు చెక్కారు. అంటే గుహకు దగ్గర్లో చర్చి కట్టలేదు; గుహనే గర్భాలయంగా చేసుకుని, మిగతా కట్టడాన్ని వాలు మీద దానికి తగ్గట్టు సర్దారు. ద్వారం దాటి మెట్లు దిగితే పాలరాయి పరిచిన చిన్న గది, ఇద్దరు ముగ్గురు నిలబడేంత చోటు. దాని అడుగు పొరల్లో తవ్వినవారికి కాంస్య యుగపు సమాధులు, కుండలు దొరికాయి. వాటిలో పాతవి క్రీ.పూ. 3000కు ముందువి. లోతు పేరు ఇక్కడికి చేరడానికి వేల ఏళ్ల ముందే మనుషులు ఈ గుహకు వచ్చారన్నమాట.

ఇవేవీ లోతు ఇక్కడున్నాడని రుజువు చేయవు. సొదొమ ఫలానా శిథిలమేనని చుట్టుపక్కల కాంస్య యుగపు ఊళ్లను చూపించే వాదాలకూ గట్టి ఆధారం లేదు. తవ్వకాలు తేల్చింది ఒక్కటే: బైజాంటైన్ భక్తులు లోతు గుహ అని కొలిచిన చోటు ఇదే.

నేల మీది మొజాయిక్ శాసనాల్లో ఒకటి 606 నాటిది, మరొకటి 691 నాటిది. రెండో తేదీకి ఈ వ్యాసకర్త దృష్టిలో విలువ ఎక్కువ. అప్పటికి ఈ ప్రాంతం అరబ్బుల పాలనలోకి వచ్చి యాభై ఏళ్లు దాటింది. యెరూషలేములో ఖలీఫా అబ్దుల్ మలిక్ స్వర్ణ గోపురం కట్టిస్తున్న రోజుల్లోనే ఇక్కడి క్రైస్తవులు తమ చర్చికి కొత్త నేల వేయించుకున్నారు. ముస్లిములకు కూడా లోతు, వారి మాటలో లూత్, ప్రవక్తే. పాలన మారగానే మఠాలన్నీ మూతపడ్డాయన్న ఊహకు ఈ నేల అడ్డు చెబుతుంది. మఠం ఖాళీ అయింది తర్వాతెప్పుడో, 8, 9 శతాబ్దాల్లో. దాడి జరిగిన జాడలు లేవు.

పవిత్ర భూమి యాత్రలో నెబో, మాదబా, పెత్రా చూసేవారు దక్షిణంగా ఈ దారి పట్టవచ్చు. 2012లో సాఫీలో ‘భూమిపై అత్యంత పల్లపు ప్రదేశం’ పేరుతో మ్యూజియం తెరిచారు; గుహలోని వస్తువులు అందులో ఉన్నాయి. ముందు అవి చూసి తర్వాత కొండెక్కితే పైన మిగిలిన రాళ్లు అర్థమవుతాయి. వేసవిలో లోయ ఎండ దుర్భరం కనుక చలికాలమే మేలు.